మంద ఎనకాల మనిషి

పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వెయ్యకుంటే ఎట్లుంటాది? టీములో చేర్చుకొని బాల్ ఇయ్యకుంటే అట్లే ఉంటాది. కేశవప్ప ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ టీములోకి వచ్చి వారమయింది. ఆ వారంలో వాని చేతికి బాల్ వచ్చిందంటే పొరపాటున జారి వచ్చిందే గాని, ఒకరు ఇస్తే వచ్చింది కాదు.

ఇనుము కరిగించి పోత పోసే ఫ్యాక్టరీ అది. హోసూరు పక్క రాతినేలలో అప్పుడప్పుడే షెడ్లు లేస్తా ఉన్న కాలం. పగలంతా కేశవప్పకు ఫర్నెస్ కాడ పని. పోత ఆరీ ఆరకముందే అచ్చులు పగలగొట్టేది, కాలిన ఇసుకను పారతో ఎత్తి జల్లెడ పట్టేది. సాయంత్రం సైరన్ కూస్తే కొళాయి కింద తల పెట్టి, షెడ్డు ఎనకాల ఉండే సిమెంటు కోర్టుకు పరుగు. ఎంత కడిగినా చెవుల్లో నల్ల ఇసుక పోయేది కాదు. అందరికన్నా మూరెడు పొడుగున్నాడని వాన్ని టీములోకి లాగినారు. హైస్కూల్లో ఉన్నప్పుడు నాలుగేండ్లు ఆడినాడు కూడా. ఆడినాడని ఎవరికీ పట్టలేదు, పొడుగే పట్టింది.

టీము ఆటంతా ప్రసాదు చుట్టూ తిరుగుతాది. ప్రసాదు కెప్టెను. ఒంగోలు పక్కనుంచి పనికోసం వచ్చి హోసూరులో నిలబడిపోయిన మనిషి. ఫ్యాక్టరీ స్టోర్‌లో కుర్చీ పని ఆయనది. వయసు ముప్పై దాటింది గాని, మూలనుంచి బాల్ ఎత్తి వేసినాడంటే రింగుకు తగలకుండా వలలో పడేది. ఆయన్ను కాచుకొనే ఎదుటోనికి ఒకడు అడ్డం పోయి నిలబడాల. ఆ అడ్డానికి టీములో 'గోడ' అని పేరు. గోడ తగిలి ఎదుటోడు ఆగిపోతే ప్రసాదు తీరుబడిగా బాల్ వేస్తాడు. కొత్తగా వచ్చినోడు కాబట్టి గోడ కేశవప్పే.

"నువ్వు బాల్ గురించి ఆలోచించొద్దు కేశవా," అన్నాడు ప్రసాదు మొదటిరోజే. "ఇదిగో, ఇక్కడ కాళ్ళు పాతుకుని నిలబడు. నన్ను తరిమేవాడు వచ్చి నిన్ను గుద్దుకుంటాడు. గుద్దుకున్నా కదలకూడదు. కదిలితే ఫౌల్."

గుద్దుకుంటే నొస్తాదా అని మాత్రం చెప్పలేదు. నొస్తాది. ప్రక్కటెముకల కింద మోచెయ్యి దిగితే రాత్రి పక్క తిరిగి పడుకోవడానికి కాదు.

దానికి తోడు కేశవప్పకు ఒక తప్పు అలవాటుండేది. బాల్ దొరికిన వెంటనే అందరూ ఎదుటి రింగు పక్కకు పరిగెత్తితే, వాడు అందరి ఎనకాల పోయేది. కాళ్ళలో బలం లేక కాదు. ముందుకు పోవాలంటే వాని కాళ్ళు ఒప్పుకొనేవి కావు.

"ముందుకు పోరా సామీ!" అని మాస్టరు శ్రీరామప్ప విజిలు పక్కన పెట్టి అరిచేది. ఊర్లో బడిలో డ్రిల్లు మాస్టరు ఆయన. ఫ్యాక్టరీ వాళ్ళు పిలిస్తే సాయంత్రాలు వచ్చి ఆట నేర్పుతాడు. "అందరి ఎనకాల పోతావేమిరా? గొర్రెలు తోలుతా ఉండావా?"

అందరూ పగలబడి నవ్వినారు. కేశవప్పా నవ్వినాడు. నవ్వక ఏమి చేస్తాడు? కుందారపల్లిలో వాళ్ళది గొర్రెలోళ్ళ ఇల్లే. వాళ్ళ ఇండ్లలో మంద ముందు పోతాది, మనిషి ఎనక పోతాడు. నడక వచ్చినప్పటినుంచి నాయిన చెప్పిందదే: ముందు పోయినోనికి ఏది కుంటతా ఉందో, ఏది చేనిలో మూతి పెట్టిందో తెలీదురా, ఎనకుండేవానికే అన్నీ కనపడతాయి. ఆ మాట ఇప్పుడు కోర్టులో చెబితే ఇంకో పదిరోజులు నవ్వుతారు. అందుకని నోరు మూసుకొన్నాడు.

బుధవారం సాయంత్రం జరిగింది మాత్రం మింగుడు పడలేదు. ఆటలో ఇద్దరు ప్రసాదును చుట్టుకొన్నారు. కేశవప్ప రింగు కింద ఒక్కడే ఉన్నాడు. దరిదాపుల్లో మనిషి లేడు. చెయ్యెత్తి "అన్నా!" అన్నాడు. ప్రసాదు తల తిప్పి చూసినాడు. ఇద్దరి చూపులూ కలిసినాయి. చూసి కూడా, ఆ ఇద్దరి తలల మీదుగా తానే ఎత్తి వేసినాడు. బాల్ రింగుకు తగిలి ఎగిరిపోయింది.

చూడకుండా ఇయ్యకుంటే అదొక లెక్క. చూసి ఇయ్యకుంటే ఏమనాల?  ఆ రాత్రి కేశవప్ప సంగటి ముద్ద ముట్టకుండా సుమ్మనే కూర్చున్నాడు. నంజమ్మ రెండుసార్లు అడిగింది. పెండ్లామైనా ఆమెకు ఆట సంగతి ఏమి అర్థమైతాదని చెప్పలేదు.

* * *

మర్నాడు ఫర్నెస్ కాడికి ఆఫీసరు హనుమంతయ్య వచ్చినాడు. పనోళ్ళను చేర్చుకొనేదీ తీసేసేదీ ఆయన చేతిలోనే ఉంటాది. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని, కాలిన ఇసుక మీద బూట్లు పడకుండా చూసి చూసి అడుగు వేస్తా వచ్చినాడు.

"కేశవప్పా, నీకు బ్రేక్ ఎప్పుడు?"

"నెలాఖరుకు సార్."

బ్రేక్ అంటే అదొక మాయ. క్యాజువల్ పనోన్ని కొన్ని నెలలు పెట్టుకొని, వాడు పర్మనెంటు అడిగేంత దూరం రాకముందే ఇంటికి పంపేది, మల్ల కొత్తోని మాదిరిగా ఎక్కించుకొనేది. ఎక్కించుకొంటే ఎక్కించుకొన్నట్లు, లేదంటే లేదు. కేశవప్పకు ఇది మూడో బ్రేకు. ఈసారి నంజమ్మకు ఏడో నెల. మొదటి కాన్పు పాడైంది. పర్మనెంటు అయితే ఆస్పత్రి కార్డు వస్తాదని, ఆ కార్డుంటే హోసూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ చూస్తాదని ఆమె దేవునికి మొక్కుకొన్నట్లు ఆ కార్డునే మొక్కుకొంటా ఉంది.

"శని, ఆదివారాలు కృష్ణగిరిలో టోర్నమెంటు. నేనూ వస్తా," అన్నాడు హనుమంతయ్య. "ఆటగాళ్ళ కోటాలో ఒక పర్మనెంటు పోస్టు ఉంది. రింగులో బాల్ వేసేవానికి ఇస్తాం. అడ్డం నిలబడేవానికి కాదు. అర్థమైందా?"

అర్థం కాకేమి? బాల్ ఇస్తే కదా సార్ వేసేది అని నోటిదాకా వచ్చింది. మింగినాడు. ఆఫీసరు పోయినాక పగలగొట్టిన అచ్చుమీదనే మల్ల నాలుగు దెబ్బలు వేసినాడు.

* * *

శనివారం కృష్ణగిరిలో, కొండ కింద బడి మైదానంలో, ఊత్తంగరై జట్టుతో ఆట. మన్ను కోర్టు. నీళ్ళు చల్లి అణగదొక్కినా ఎండకు దుమ్ము లేస్తానే ఉంది. చెట్టునీడలో కుర్చీ వేసుకొని హనుమంతయ్య కూర్చున్నాడు.

కేశవప్ప కన్ను ఆట మీద లేదు, ఆ కుర్చీ మీద ఉంది. మొదటి సగంలో గోడ పని చేసినాడు. రెండో సగంలో ఓర్చుకోలేకపోయినాడు. మాస్టరు సైగ చేసినాడు, ప్రసాదు మూలకు పోయినాడు. కేశవప్ప అడ్డం నిలబడాల్సిన చోట నిలబడకుండా బాల్ కోసం లోపలికి దూరినాడు. గోడ లేకపోయేసరికి ఎదుటోడు ఎద్దులా వచ్చి నేరుగా ప్రసాదుకు తగిలినాడు. ప్రసాదు మోకాలు మీద పడినాడు. లోపల బాల్ కేశవప్ప చేతికి దొరికింది. దొరికితే మాత్రమేమి, ఆత్రంలో విసిరితే బోర్డు దాటి పోయింది.

ఎట్లో ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచినారు. గెలిచిన సంతోషం ఒక్కరి మొహంలోనూ లేదు.

"ఎవడు కదలమన్నాడు నిన్ను?" ప్రసాదు కుంటతా వచ్చినాడు. "చెప్పిందొకటి, నువ్వు చేసిందొకటి. టీమంటే నీ ఇష్టమా?"

"నేనూ మనిషినే గదన్నా!" కేశవప్ప గొంతు తనకే తెలీనంత పైకి లేచింది. "ఎముకలు ఇరిగేదాకా అడ్డం నిలబడేది నేను, పేరు నీకు. బుధవారం చూసినావు నన్ను. చూసి ఇయ్యలేదు. నోరుంటే లేదని చెప్పు!"

ప్రసాదు లేదనలేదు. పోయి బడి గోడవారన కూర్చొని ప్యాంటు పైకి మడిచినాడు. మోకాలు టెంకాయంత ఉబ్బింది. అది ఈరోజు దెబ్బ కాదు. చుట్టూ పాత కట్ల మచ్చలు, నూనె మరకలు. దూరంగా హనుమంతయ్య ఇటు వస్తా కనపడినాడు. ప్రసాదు చప్పున ప్యాంటు దించి, గోడ పట్టుకొని లేచి, రెండు కాళ్ళమీద నిటారుగా నిలబడి నవ్వినాడు. "బాగానే ఉందండీ, చిన్న బెణుకు," అన్నాడు. ఆఫీసరు ఆ కాలు వైపే చూస్తా తల ఊపి పోయినాడు. ఆయన అటు తిరగ్గానే ప్రసాదు కూలబడినట్లు కూర్చున్నాడు.

ఆ నవ్వు చూసి కేశవప్ప కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగం ఏమి చెయ్యాల్నో తెలీలేదు.

టీ అంగడి కాడ మాస్టరు శ్రీరామప్ప గ్లాసు ఊదుకొంటా మెల్లిగా అన్నాడు. "ఆఫీసరు నీకు పోస్టు ఆశ పెట్టినాడంట గదా. అది ఏ పోస్టనుకొన్నావు?"

"ఏదో ఒకటి. ఖాళీ ఉందంట."

"ఖాళీ యాడుందప్పా? స్టోర్‌లో ప్రసాదు కుర్చీనే అది. మోకాలు పోయినోన్ని ఆడ ఎందుకు కూర్చోబెట్టాల అని ఆఫీసరు లెక్క. ఆట ఉన్నన్నాళ్ళే ఆ కుర్చీ."

"మల్ల ఆయన్ను ఏడికి పంపుతారు?"

"ఫర్నెస్ కాడికి. నీ జాగాలోకి."

కేశవప్ప చేతిలో టీ అట్లనే ఉండిపోయింది. ఆ కాలుతో అచ్చులు ఎత్తాలంటే ఆ మనిషి వారం ఆగడు. "ఆయనకు తెలుసునా సార్?"

"తెలీకుండా ఉంటాదా? నీకే తెలీదు," అన్నాడు మాస్టరు.

* * *

రాత్రి అందరూ ఆ బడిలోనే పడుకొన్నారు. ఆదివారం పొద్దున బడి కొళాయి కాడ ప్రసాదు వేణ్ణీళ్ళ గుడ్డతో మోకాలు కాపుకొంటా ఉన్నాడు. కేశవప్ప పండ్లు తోముకొంటా దూరంగా నిలబడినాడు. దగ్గరికి పోవాలంటే సిగ్గు, పోకుండా ఉండాలంటే మనసు ఒప్పదు. చివరికి ప్రసాదే పిలిచినాడు.

"ఇలా రా. ధర్మపురి వాళ్ళ ఆట నిన్న చూశావా?"

"చూసినా అన్నా."

"ఈరోజు ఇద్దరు నా మీదే ఉంటారు. ఇద్దరు నా దగ్గరుంటే ఎక్కడో ఒకచోట ఖాళీ ఉండాలిగా? ముందే పోయి ఆ ఖాళీలో నిలబడితే వాళ్ళూ వచ్చి నిలబడతారు. వెనకనుంచి రావాలి." గుడ్డ పిండి మల్ల మోకాలు మీద వేసుకొన్నాడు. "నువ్వు మాస్టారు చెప్పినట్టు ముందుకు పరిగెత్తొద్దు. నీ పద్ధతిలోనే వెనకే రా. వారంగా చూస్తున్నా, నీకు ఖాళీ కనపడుతుంది. మాకెవరికీ కనపడదు."

కేశవప్పకు నమ్మబుద్ధి కాలేదు. నవ్విన వాళ్ళల్లో ఈయనా ఉన్నాడు. "వస్తే బాల్ ఇస్తావా అన్నా?"

ప్రసాదు గుడ్డ తీసి మల్ల నీళ్ళలో ముంచినాడు. "ముందు రా. చూద్దాం."

* * *

ఆట మొదలైంది. ప్రసాదు చెప్పినట్లే ధర్మపురి వాళ్ళు ఇద్దరు ఆయన్ను జలగల మాదిరి పట్టుకొన్నారు. మొదటి సగమంతా కేశవప్ప ఎనక వచ్చినాడు, ఖాళీ చూసినాడు, పోయి నిలబడినాడు. బాల్ రాలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ప్రసాదు బాల్ పట్టుకొని, వాని పక్క చూసి, మల్ల తానే వేసినాడు. రెండు పడినాయి, నాలుగు పోయినాయి. సగానికి ఆరు పాయింట్లు ఎనక ఉన్నారు. మాస్టరు నెత్తి కొట్టుకొన్నాడు. ఎండ చురచురలాడతా ఉంది.

ఈయన చెప్పేదొకటి, చేసేదొకటి, అనుకొన్నాడు కేశవప్ప. కోపం రాలేదు, అదే వింత. కుర్చీ పోతాదంటే ఎవరి చెయ్యి మాత్రం సాగుతాది? తన చెయ్యి సాగుతాదా?

రెండో సగం మొదలైన కొంచేపటికి అది జరిగింది. ప్రసాదు ఎడమ మూలలో ఇరుక్కొన్నాడు. ఇద్దరూ చేతులు చాపి ముందు నిలబడినారు. కేశవప్ప ఎప్పటి మాదిరే అందరి ఎనకాల, నిదానంగా, ఎవరికీ పట్టనోని మాదిరి వస్తా ఉన్నాడు. మధ్యలో తలుపు తెరిచినట్లు దారి కనపడింది. దూరినాడు. ప్రసాదు చూసినాడు. బుధవారం చూసిన చూపే. అయితే ఈసారి ఆ ఇద్దరి కాళ్ళ మధ్యనుంచి బాల్ నేలకు తగిలి లేచి, నేరుగా వాని అరచేతుల్లోకి వచ్చింది. అంత మెత్తగా వచ్చింది. కేశవప్ప ఎగిరి వేసినాడు. పడింది.

"ఎనక్కి పరిగెత్తు, ఏం చూస్తావు!" అని కసిరినాడు ప్రసాదు.

అప్పటినుంచి ఆట మారిపోయింది. మల్ల అట్లే వచ్చింది, మల్ల వేసినాడు. ధర్మపురి వాళ్ళు ప్రసాదును వదిలి ఒకడు కేశవప్ప మీదికి వస్తే, ఈసారి ప్రసాదుకు ఊపిరాడింది, ఆయన వేసినాడు. ఎవరిని కాయాల్నో తెలీక ధర్మపురి వాళ్ళు ఒకరినొకరు తిట్టుకొన్నారు. మాస్టరు శ్రీరామప్ప గీత పక్కన నిలబడి, "ఎనకే రారా నాయినా, ఎనకే రా!" అని గొంతు పోయేటట్లు అరుస్తా ఉన్నాడు. వారమంతా తిట్టింది ఆ మనిషేనా అనిపించేది.

చివరి నిమిషానికి ఒక్క పాయింటు ఎనక. బాల్ ప్రసాదు చేతిలో ఉంది. ఆయనకు ఇష్టమైన మూల. ఒక్కడే ముందున్నాడు, వేస్తే పడే దూరం. కేశవప్ప రింగు కిందికి వచ్చేసినాడు, వాని చుట్టూ ఎవరూ లేరు. చెయ్యి ఎత్తలేదు. అడగడానికి మనసు రాలేదు. ప్రసాదు ఒకసారి చెట్టునీడ పక్క, ఆ కుర్చీ పక్క చూసినాడు. తర్వాత బాల్ ఇచ్చేసినాడు.

చేతిలో బాల్ పడినాక కేశవప్ప కాళ్ళు కదలలేదు. ఇది వేస్తే ఆ మనిషి స్టోర్ కుర్చీ పోతాది. వెయ్యకుంటే నంజమ్మ ఆస్పత్రి పోతాది. ఏమి చేసేది? మూలనుంచి ప్రసాదు అరుపు వినపడింది.

"వెయ్యరా కేశవా! వెయ్యి!"

వేసినాడు. బోర్డుకు మెల్లగా తగిలి లోపల పడింది. విజిలు మోగింది. జనం కోర్టులోకి వచ్చి పడినారు.

హనుమంతయ్య నవ్వుతా వచ్చి కేశవప్ప చెయ్యి పట్టి ఊపినాడు. "సోమవారం స్టోర్‌కు వచ్చేయ్. ఆర్డరు చేయిస్తా. వచ్చే నెల సేలంలో పెద్ద ఆట ఉంది, కంపెనీ పేరు నిలబెట్టాల."

"సరే సార్," అన్నాడు కేశవప్ప. ఆ మాట నోట్లోనుంచి ఎట్లా వచ్చిందో వానికే తెలీదు. తర్వాత ప్రసాదు మొహం చూడలేక బూటు దారాలు విప్పతా కూర్చున్నాడు. విప్పి, మల్ల కట్టి, మల్ల విప్పినాడు.

* * *

తిరుగు దారిలో కంపెనీ వ్యానులో ప్రసాదు వచ్చి కేశవప్ప పక్కనే కూర్చున్నాడు. కాలు చాపుకొన్నాడు. తర్వాత మొదలుపెట్టినాడు.

"స్టోర్‌లో కుడిపక్క బీరువా తలుపు లాగితే రాదు. కొంచెం పైకెత్తి లాగాలి. గ్లోవులు అడిగితే పాతవి చేతికిచ్చాకే కొత్తవి ఇవ్వు, లేకపోతే రెండ్రోజుల్లో ఖాళీ చేస్తారు. వానొస్తే వెనక కిటికీ కారుతుంది, బేరింగుల పెట్టెలు ముందే పక్కకు జరుపు."

"చాలన్నా," అన్నాడు కేశవప్ప.

"చాలంటే ఎలా? మొదటిరోజే తడబడితే నవ్వుతారు. నన్ను చూసి నవ్వారు, నాకు ఎవరూ చెప్పలేదు."

కేశవప్ప ఆయన పక్క తిరిగినాడు. "ఎందుకిచ్చినావన్నా బాల్? నువ్వే వేసుండొచ్చు గదా. పడేదే గదా."

ప్రసాదు వాని పక్క విచిత్రంగా చూసినాడు. "నువ్వు ఖాళీగా ఉన్నావు గదయ్యా. ఇంకెవరికిస్తారు?"

అంతే అన్నాడు. అదేదో పెద్ద సంగతి కానట్లు మల్ల స్టోర్ తాళాల గురించి చెప్పడం మొదలుపెట్టినాడు. కేశవప్ప వినలేదు. కుందారపల్లి దగ్గరికొచ్చింది. ఈడ దిగిపోతే ఇంటికి పోవచ్చు, రేపటికి అంతా దానంతటదే జరిగిపోతాది. నోరు మెదపకుంటే చాలు. నోరు మెదపకుండా ఉండేది వానికి బాగా తెలిసిన విద్య. అయినా ఈసారి ఆ విద్య చేతకాలేదు.

వ్యాను ఆగింది. కేశవప్ప దిగకుండా ఆఫీసరు కూర్చున్న ముందు సీటు కాడికి పోయినాడు.  ఆఫీసరు ముందు ఇంతవరకు ఒక్క మాటకు మించి మాట్లాడినోడు కాదు.

"సార్, స్టోర్ నాకొద్దు. అన్నకే ఉండనీండి. నన్ను ఫర్నెస్ కాడే పర్మనెంటు చెయ్యండి సార్."

హనుమంతయ్య ముందు వినపడనట్లు చూసినాడు. "పోస్టులేమన్నా సంతలో ఉండాయా ఏరుకోడానికి? ఒకటే ఉంది. కావాలా, వద్దా?"

"ఆయనదైతే వద్దు సార్."

వ్యానులో గుసగుసలు ఆగిపోయినాయి. ఎనక ప్రసాదు లేవబోయి, కాలు పట్టక మల్ల కూర్చున్నాడు. "కేశవా, పిచ్చా నీకు? దిగు!" అన్నాడు.

"అయితే సేలం ఆటకూ రావా?" హనుమంతయ్య గొంతులో కోపం ఉంది గాని, దానికింద సేలంలో ఓడిపోతామన్న గుబులూ ఉంది.

"అన్న ఆడితే వస్తా సార్. అన్న లేకుంటే నాకు బాల్ ఎవరిస్తారు?"

హనుమంతయ్య మాస్టరు పక్క చూసినాడు. మాస్టరు కిటికీ బయటికి చూసినాడు. డ్రైవరు బండి ఎత్తాల్నో వద్దో తెలీక స్టీరింగు మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. "సోమవారం రా, మాట్లాడదాం. ముందు దిగు," అన్నాడు ఆఫీసరు చివరికి.

రోడ్డు పక్కన నంజమ్మ ఎదురుచూస్తా నిలబడింది. వ్యాను పోయి దుమ్ము అణిగినాక, "గెలిచినారా?" అంది.

"గెలిచినాం." నడుస్తా నడుస్తా అంతా చెప్పేసినాడు. దాచుకోవాలని అనిపించలేదు.

నంజమ్మ నడక ఆగిపోయింది. "ఇచ్చినదాన్ని వద్దన్నావా? తిక్క పట్టిందా నీకు? నేను ఏమని మొక్కుకొంటా ఉండానో తెలుసు గదా నీకు!" కండ్లలో నీళ్ళు తిరిగినాయి. కొంగుతో గట్టిగా తుడుచుకొంది. కొంచెం దూరం ముందు ముందు నడిచింది. మల్ల ఆగి అడిగింది. "ఆయనకు బిడ్డలుండారా?"

"ఇద్దరు. ఆడపిల్లలు."

నంజమ్మ వాడు కలిసేదాకా నిలబడింది.

"సోమవారం ఏమంటారో?" అంది.

"తెలీదు. తీసేసినా తీసేస్తారు. భయంగా ఉంది నంజూ."

"నాకూ ఉంది," అంది నంజమ్మ. వాని చేతిలోని సంచి తీసుకొని భుజాన వేసుకొంది. "పా. సంగటి చల్లారిపోతా ఉంది."